కంప్యూటరు ఆటలు – గృహిణి యెఱుగవలసిన సంగతులు

ఇంటిలోనికి వచ్చిన ప్రతి వస్తువుయొక్క గుణదోషములు గృహిణికి తెలిసియుండుట మేలు. పొయ్యి సరిగా మండనిచో కారణము వెదకుదుము. కుట్టుమిషను దారము తెంపుచున్నచో బిగువు సరిచేయుదుము. కంప్యూటరు విషయమున మాత్రము, అది మగవారి పనియని దూరముగా నుండుట మాకును చిరకాలపు టలవాటు.

గత వేసవి సెలవులలో మా చిన్నవాడు, మూడేండ్ల క్రిందట కొన్న ల్యాప్‌టాపులో కార్లపందెపు ఆట నొకదానిని పెట్టుకొనెను. బొమ్మ యాగి యాగి కదలుచుండెను. యంత్రము చేయి పెట్టలేనంతగా వేడెక్కుచుండెను. దుకాణమువారు అది పనికిరాదనియు, క్రొత్తది కొనవలసినదే యనియు చెప్పిరి. అంత ధనము వెచ్చించుటకు ముందు ఒక మధ్యాహ్నము మేమే దానియెదుట కూర్చుంటిమి. ఆనాడు నేర్చినది సోదరీమణులకు నివేదించుచున్నాము.

ఆట కొనకముందే, దానికి కావలసిన ప్రాసెసరు, ర్యామ్, గ్రాఫిక్సు కార్డు, డిస్కులో ఖాళీ యెంతయో చదివి, మన యంత్రముతో పోల్చి చూడవలయును. గ్రాఫిక్సు డ్రైవరు పాతదైనచో క్రొత్తది వేసికొనవలయును.

కొన్ని ల్యాప్‌టాపులలో గ్రాఫిక్సు భాగములు రెండుండును: ఒకటి కరెంటు పొదుపుచేయునది, మఱియొకటి బలమైనది. మాయింట బలమైనది యూరక పడియుండగా, చిన్నదే బరువంతయు మోయుచుండెను! విండోస్ సెట్టింగులలో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనుచోటికి పోయి, ఆ యాటకు 'హై పెర్ఫార్మెన్స్' అని నిర్ణయించితిమి. ఛార్జరు తగిలించియే ఆడవలయును. బ్యాటరీపై నున్నప్పుడు యంత్రము తన వేగమును తగ్గించుకొనును. పరుపుపై నుంచిన గాలిరంధ్రములు మూసికొనిపోవును గాన, బల్లయే తగిన చోటు.

పిమ్మట ఆటలోని సెట్టింగులు. 1920×1080 రిజల్యూషనులో ఒక్కొక్క చిత్రమునకు 20 లక్షలకు పైగా చుక్కలు గీయవలయును. 1280×720 లో 9,21,600 చాలును. బొమ్మ యొకింత మసకబాఱినను భారము సగమునకు పైగా తగ్గును. నీడల నాణ్యత తగ్గించినను, సెకనుకు 60 చిత్రములకు మాఱుగా 30 అని పరిమితి పెట్టినను వేడి తగ్గును. ఒకమాఱు ఒక్కటే మార్చి చూడుడు; ఉప్పు, పులుపు ఒక్కసారిగా మార్చినచో ఏది యెక్కువైనదో తెలియదు గదా!

బిడ్డ వయస్సునకు తగిన ఆటయో కాదో చూచుటయు మన పనియే. ఐరోపావారి 'పెగి' గుర్తులో 3, 7, 12, 16, 18 అను అంకెలు ఏ వయస్సువారికి తగునో తెలుపును. బిడ్డకు వేఱుగా ఖాతా తెఱచినచో, మైక్రోసాఫ్టువారి 'ఫ్యామిలీ సేఫ్టీ' ద్వారా ప్రతిదిన మెంతసేపు ఆడవచ్చునో నిర్ణయింపవచ్చును. బ్యాంకుకార్డు వివరములను మాత్రము ఆ ఖాతాలో నుంచకుడు.

క్రొత్త యంత్రము కొనవలసిన యవసరము మాకు కలుగలేదు. పూర్వము తలుపు వేసికొని ఆడుకొను చిన్నవాడు, ఇప్పుడు ఆట యాగినచో "అమ్మా, ఒక్కసారి చూడవా" యని మమ్మే పిలుచుచున్నాడు. వాడేమి యాడుచున్నాడో, ఎవరితో ఆడుచున్నాడో మాకు తెలియుచున్నది. మిగిలిన సొమ్ముకంటె మాకు దక్కిన లాభ మిదియే.