బండి పేరు, బాటసారి పేరు

సైకిలు యాత్రకు పదిమంది కూడినచోట కుశలప్రశ్నకంటె ముందు వినవచ్చు ప్రశ్న "మీది ఏ బండి?" అనునది. రాలీ గొప్పదని ఒకరు, హెర్క్యులిస్‌కు సాటి లేదని మరియొకరు మన ఊళ్లలో చేసిన వాదములు పెద్దలకు జ్ఞాపకముండును. ఏండ్ల తరబడి తన్ను మోసిన బండిపై మనిషికి మమత కలుగుట సహజము. అందులో దోషము లేదు. కాని బండిని చూచి మనిషిని లెక్కించుట మొదలైననాడు ఆ మమతయే అడ్డుగోడ యగును. కలిసి రాదలచినవారిలో కొందరు దానికి అవతలనే మిగిలిపోవుదురు.

ఈ విషయమున పాత యాత్రాసంఘముల చరిత్ర తెలిసికొనదగినది. 1878లో ఇంగ్లండునందలి హారోగేటు పట్టణమున "బైసికిల్ టూరింగ్ క్లబ్" వెలసెను. నాటి సైకిలు నేటిది వంటిది కాదు. ముందు చక్రము మనిషి రొమ్మెత్తు ఉండెడిది. వెనుక చక్రము చిన్నది. దాని నెక్కుటకు బలమును సాహసమును కావలెను. నేలజారు గౌనులు ధరించు స్త్రీలకును, వయసు మీరినవారికిని మూడు చక్రముల బండియే శరణ్యము. బైసికిలు అను మాట పేరులోనే గల సంఘమున మూడు చక్రములవారికి చోటెక్కడ? ఆ సంఘమువారు 1880లో స్త్రీలకు సభ్యత్వమిచ్చిరి. 1883లో తమ పేరునే మార్చుకొని "సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్" అనిరి. బండి పేరు తొలగి, బండి నడుపువారి పేరు వచ్చినది.

సభ్యత్వమనగా పట్టికలో పేరెక్కుట మాత్రమే కాదని వారు తరువాత చూపిరి. 1898లో సభ్యురాలగు లేడీ హార్బర్టన్ సర్రే మండలమున, ఓకమ్ గ్రామమందలి ఒక హోటలుకు వెళ్లెను. సైకిలు తొక్కుటకు అనువైన వదులు లాగు ధరించినదని హోటలు యజమానురాలు ఆమెను భోజనశాలలోనికి రానీయక, మద్యశాల గదికి పొమ్మనెను. సంఘము వ్యాజ్యము నడపెను. 1899లో జూరీ యజమానురాలి పక్షముననే తీర్పు చెప్పెను. వ్యాజ్యము ఓడినను, సభ్యురాలికి అవమానము జరిగినప్పుడు ఆమె వెంట నిలిచినదన్న పేరు సంఘమునకు దక్కెను.

అమెరికాలో కథ మరియొక త్రోవ పట్టినది. 1880లో న్యూపోర్టు నగరమున "లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్" ఏర్పడెను. మంచి రోడ్లకై పాటుపడిన సంఘమది. అట్టి సంఘమే 1894లో లూయీవిల్ సభయందు శ్వేతజాతివారికే సభ్యత్వమని నియమము చేసికొన్నది. బోస్టన్ నగరపు కిట్టీ నాక్స్ అంతకుముందే, 1893లో, సభ్యురాలైనది. ఆమె తండ్రి నల్లజాతివాడు, తల్లి తెల్లజాతి స్త్రీ. ఆమె వృత్తి కుట్టుపని. తన సవారి దుస్తులను తానే కుట్టుకొన్నది. 1895లో ఆస్బరీ పార్కున జరిగిన వార్షిక సమావేశమునకు వెళ్లి సభ్యత్వపు చీటీ చూపగా, అది చెల్లదని కొందరు తిరస్కరించిరి. నియమమునకు ముందే చేరినది గనుక ఆమె సభ్యత్వము చెల్లునని సంఘము తుదకు అంగీకరింపవలసి వచ్చెను. 1900లో, 26 ఏండ్ల ప్రాయముననే ఆమె మరణించెను. ఆ సంఘము 1994లో, పురుషులను మాత్రమే సూచించు పాత పేరును విడిచి, "లీగ్ ఆఫ్ అమెరికన్ బైసిక్లిస్ట్స్" అయ్యెను. జాతినిషేధమును విధిగా రద్దు చేసినది మాత్రము 1999లో! పేరు మార్చుకొన్నంత సులభముగ తలుపు తెరచుకొనలేదు.

ఇక బండ్ల మాట. అందరివి ఒకే కంపెనీ బండ్లైనచో దారిలో ఒకరికొకరు సాయపడుట సులభమని కొందరందురు. అది కొంత నిజము. కాని అక్కరకు వచ్చునది కొలత, పేరు కాదు. మన దేశపు పెద్ద సైకిలు టైరు కూర్చుండు రిమ్ము వ్యాసము 635 మిల్లీమీటర్లు. నేటి రోడ్డు సైకిళ్లలో పెక్కింటికి అది 622. రెండును 28 అంగుళములవే అని వ్యవహరింపబడినను, ఒకదాని టైరు మరియొకదానికి పట్టదు. కొలత కలిసినచో ఏ కంపెనీ టైరైనను సరిపోవును. గాలిపంపు విషయమును అంతే; వాల్వు తీరు కలియవలెను. కనుక బయలుదేరుటకు ముందు అడుగవలసినది "టైరు కొలత ఎంత? వాల్వు ఏది?" అని.

బడిపిల్లలను సైకిలు యాత్రకు కొనిపోవు ఉపాధ్యాయునికి ఇవి పనికివచ్చు మాటలు. క్రొత్త గేరు బండి గలవాడు ముందు దూసుకొనిపోవును. అన్న విడిచిన పాతబండి ఎక్కినవాడు వెనుకబడి, తన బండిని చూచి తానే సిగ్గుపడును. బండియే లేని బాలిక ఇంటనే ఉండిపోవును. దీనికి ఉపాయము కష్టమైనది కాదు. అందరికంటె నెమ్మదిగా పోవువాని వేగమే జట్టు వేగము కావలెను. దారి తెలిసినవారొకరు చివర ఉండవలెను. ప్రతి మలుపుకడ ఆగి వెనుకవారికై చూడవలెను. బండి లేనివారికి అద్దె బండి చూడవలెను. మజిలీ మజిలీకి పిల్లలు బండ్లు మార్చుకొన్నచో, ఎవరి బండి గొప్పదన్న వాదము సగము దూరములోనే అణగిపోవును.

యాత్ర ముగిసిన సాయంకాలము ఉపాధ్యాయుడు పిల్లలను నిలబెట్టి లెక్కించును. ఆ లెక్క బయలుదేరు ఉదయమే మొదలు కావలెను. ఇంటనే మిగిలిపోయిన బాలిక పేరుతో మొదలు కావలెను.