బొద్దింక గుడ్లపై బతికే కందిరీగ, దాని ఇంటిపేరు



ముంబయిలోని కామాటిపురాకు ఆ పేరు మన తెలుగు కూలీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుండి కట్టడాల పనికి వెళ్ళినవారిలో ఎన్నో కులాలవారు ఉన్నారు. అక్కడివాళ్ళు మాత్రం అందరినీ కలిపి ‘కామాటి’ అనేశారు. కీటకశాస్త్రంలోనూ అలాంటి పేరొకటి ఉంది: టెట్రాస్టికస్.

చాళ్ళలో మోరీల దగ్గర ఎర్రటి పెద్ద బొద్దింకలు తిరుగుతుంటాయి. వాటి గుడ్లపెట్టె చిన్న చిక్కుడు గింజలా ఉంటుంది, అందులో సుమారు 16 గుడ్లు. రెండు మిల్లీమీటర్ల కందిరీగ ఒకటి ఆ పెట్టెకు బెజ్జం చేసి లోపల తన గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు బొద్దింక గుడ్లను తిని, పదుల సంఖ్యలో బయటికొస్తాయి. మనుషుల జోలికి రావు.

శాస్త్రీయ నామం మన పద్ధతిలోనే ఉంటుంది: ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇంటిపేరే ప్రజాతి. 1852లో రాట్జెబర్గ్ దీనికి ఎంటిడాన్ హాగెనోవీ అని పేరు పెట్టాడు. తర్వాత అది టెట్రాస్టికస్ హాగెనోవీ అయింది. అమెరికా శాస్త్రజ్ఞుడు బర్క్స్ 1943లో ఆ ప్రజాతిని చాలా విశాలంగా తీసుకున్నాడు. వరి కాండం తొలిచే పురుగు గుడ్లను తినే స్కోనోబీ కందిరీగదీ ఆ ఇంటిపేరే.

1987లో బ్రిటన్‌కు చెందిన గ్రాహం ఆ ఉమ్మడి ఇంటిని పంచాడు. ముందు రెక్క ఈనెపై ఒకే వెంట్రుక ఉంటే టెట్రాస్టికస్. సాధారణంగా రెండు, అంతకు మించి ఉంటే ఆప్రోస్టోసీటస్. పొట్ట చివరి వెంట్రుకల్లో ఒకటి పొడవుగా వంకర తిరిగి ఉండడం మరో గుర్తు. మన వరిపొలంలోది పాత ఇంట్లోనే ఉంది. బొద్దింకలది ఇప్పుడు ఆప్రోస్టోసీటస్ హాగెనోవీ.

వెంట్రుకలు లెక్కబెట్టి ఇల్లు పంచడమేమిటని అడగవచ్చు. ఇంత చిన్న ప్రాణిలో అవి రాలిపోతాయి, మధ్యరకాలూ ఉంటాయి. పైగా ఆప్రోస్టోసీటస్ కూడా పెద్ద ఇల్లే అయి, ఉపప్రజాతులు అవసరమయ్యాయి. అయినా నాకు పంపకమే మేలనిపిస్తుంది. వందలాది జీవులకు ఒకే ఇంటిపేరుంటే ఏది ఏ పురుగుకు శత్రువో ఆ పేరు చెప్పదు. పాత పుస్తకాల్లో వెతికేవారు మాత్రం రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి.

మందు కొట్టే ముందు గుడ్లపెట్టెను ఒకసారి చూడండి. బొద్దింక పిల్లలు పైఅంచు వెంట చీల్చుకుని వస్తాయి. గుండ్రని రంధ్రం కనిపిస్తే వచ్చింది కందిరీగలే.