యాంటీబయాటిక్‌కు అలవాటు పడేది ఒళ్లు కాదు.. బ్యాక్టీరియా!

రెండు రోజులైనా జ్వరం తగ్గకపోతే మనలో చాలామంది వెళ్లేది మెడికల్ షాపుకే. "అన్నా, గట్టి మాత్ర ఇవ్వు" అని అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకుంటారు. కాస్త తేరుకోగానే మిగిలినవి డబ్బాలో పడేస్తారు. కొన్నాళ్లకు అదే మందు పనిచేయకపోతే "ఒంటికి అలవాటైపోయింది" అంటారు.

ఇది పొరపాటు. మందును తట్టుకునే శక్తి వచ్చింది ఒంటికి కాదు, అందులోని బ్యాక్టీరియాకు. ఆ బ్యాక్టీరియా ఒక్కరి దగ్గరే ఆగిపోదు. ఆ మందు ఎన్నడూ వాడని వాళ్లకూ సోకుతుంది.

వెల్వెట్ గుడ్డతో ప్రయోగం

ఈ శక్తి మందు వల్లే పుడుతుందా, ముందే ఉంటుందా? అమెరికా శాస్త్రవేత్తలు జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు 1952లో దీన్ని తేల్చారు. ఒక గాజు పళ్లెంలో పెరిగిన బ్యాక్టీరియాపై వెల్వెట్ గుడ్డను అద్ది, దాన్నే స్ట్రెప్టోమైసిన్ కలిపిన మరో పళ్లెంపై ముద్ర వేశారు. దాదాపు అన్నీ చచ్చిపోయినా, అక్కడక్కడా కొన్ని బతికాయి. మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోట్లలోనే వెతుకుతూ పోగా, మందు తగలకుండానే దాన్ని తట్టుకోగల బ్యాక్టీరియా దొరికింది.

అంటే కోట్లాది బ్యాక్టీరియాలో జన్యు మార్పు వల్ల అలాంటివి కొన్ని ముందే ఉండొచ్చు. మందు మిగతావాటిని చంపేస్తే, ఖాళీ అయిన చోట ఇవి పెరిగిపోతాయి. కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటకు తోడేస్తాయి.

1950ల చివర్లో జపాన్ శాస్త్రవేత్తలు మరో సంగతి కనిపెట్టారు. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియా ఒకేసారి పలు మందులను తట్టుకుంటోంది. పైగా ఆ శక్తినిచ్చే జన్యువులను పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకూ అందిస్తోంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట ద్వారా ఇది జరుగుతుంది.

హైదరాబాద్ పక్కనే..

ఇది ఆస్పత్రులకే పరిమితమైన సమస్య కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. అలాంటి నీళ్లలో మందును తట్టుకునేవే మిగులుతాయి.

2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12 లక్షల 70 వేల మంది, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

మనం చేయాల్సింది

జలుబు, ఫ్లూ వైరస్‌ వల్ల వస్తాయి. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. మాత్రల అట్టపై ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు. చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలిన మాత్రలు ఇంట్లో ఇంకొకరికి ఇవ్వొద్దు. చేతులు కడుక్కోవడం, టీకాలు వేయించుకోవడం వల్ల జబ్బులే తగ్గుతాయి, మందుల అవసరమూ తగ్గుతుంది.

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో ఈ ముప్పు గురించి ఒక ఊహా కథ చెప్పారు. గొంతు నొప్పి వచ్చిన ఒకాయన పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. ఆయన గొంతులోని బ్యాక్టీరియా చావకపోగా మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. తర్వాత అది ఆయన భార్యకు సోకుతుంది. ఆమెకు నిమోనియా వస్తే పెన్సిలిన్ పనిచేయదు. చివరికి ఆమె చనిపోతుంది.