తొలి లీలావతి

తెలుగు టాకీల చరిత్ర వ్రాయబూనిన వారందరూ మొదటి పుటలోనే సురభి కమలాబాయి పేరు తలుస్తారు. రెండవ పుట తిప్పేసరికి మరచిపోతారు. ‘తొలి కథానాయిక’ అనే బిరుదొకటి తగిలించి, ఆమెను గుమ్మం దగ్గరే నిలబెట్టి, చరిత్ర లోపలికి సాగిపోతుంది. ఆ బిరుదు గౌరవప్రదమైనదే; కాని అది ఆమెలో సగాన్ని మాత్రమే చూపుతుంది. కెమెరా ముందుకు వచ్చేనాటికి ఆమెకు నిండా పాతికేళ్లు లేవు. నటనలో మాత్రం అప్పటికే ఆమెది రెండు దశాబ్దాలకు తక్కువ కాని అనుభవం.

ఆమె పుట్టిన కుటుంబాన్ని చెప్పకుండా ఆమెను చెప్పడం పొసగదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెండ్లి వేడుక సందర్భంగా, తోలుబొమ్మలాడించే కుటుంబాలవారు బొమ్మలను ప్రక్కనపెట్టి తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడినారు. ఇండ్లలో మరాఠీ మాటాడుకొనే ఆరెవారు వీరు. ఆడే నాటకం మాత్రం తెలుగు. ఆ సమాజాన్ని నిలబెట్టినవారు వనారస గోవిందరావుగారు. కాలక్రమాన కుటుంబాలు పెరిగి, ఒక్క సమాజం పలు సమాజాలై, ఊరూరా డేరాలు వేసుకొని తిరుగసాగినవి. ఊరిపేరే వారి ఇంటిపేరు వంటిదయింది.

ఆ రోజులలో నాటకమాడే స్త్రీని లోకం ఏ కంటితో చూసేదో వేరుగా చెప్పనక్కరలేదు. పరువుగల సమాజాలు స్త్రీ పాత్రలను పురుషుల చేతనే వేయించేవి. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి ఇల్లాండ్రు సయితం నడక నేర్చుకున్నారని చెప్పుకొనే కాలమది. అటువంటి కాలంలో సురభివారు తమ భార్యలను, కూతుళ్లను, కోడళ్లను రంగం మీదికి తెచ్చినారు. ఇది సంస్కరణోద్దేశంతో చేసిన పని కాదు. కుటుంబమే సమాజం, సమాజమే కుటుంబం అయినప్పుడు బయటివారితో అవసరమేమున్నది? కాని ఏ సంఘసంస్కర్తల సభా చేయలేని పనిని ఆ డేరాలు నిశ్శబ్దంగా చేసినవి. తండ్రి, అన్న, మేనమామ ఎదురుగా ఉండగా ఆడపిల్ల రంగం మీద నిలబడి గొంతెత్తి పాడినది. దానికి ఆ పిల్లలు చెల్లించిన వెలయూ తక్కువది కాదు. వారికి బడి లేదు, స్థిరమైన ఊరు లేదు. వచ్చిన విద్యంతా పద్యాలూ పాటలే.

1907లో కమలాబాయి జన్మించిన తీరును గూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. నిండుచూలాలైన తల్లి దమయంతి పాత్ర ధరించి రంగం మీద ఉండగా నొప్పులు వచ్చినవట. ప్రేక్షకులు అదీ నటనలో భాగమనే భ్రమించినారట. గబగబ తెర దించినారు. ఆ తెర వెనుకనే శిశువు పుట్టినది. సంగతి తెలిసిన జనం ఆనందంతో పసిబిడ్డకు కానుకలు కురిపించినారని కూడా చెబుతారు. నోట నోట సాగుతూ కథ కొంత పెరిగి ఉంటే ఉండవచ్చు. కాని పురుడు వచ్చే దాకా వేషం కట్టక తప్పని బ్రతుకు ఆ కుటుంబాల ఆడవారిది. అందులో మాత్రం అతిశయోక్తి లేదు.

నడక వచ్చీరాకముందే ఆమె బాలవేషాలలో దిగినది. కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి పాత్రలతో ఆరంభించి, వయస్సు వచ్చిన కొలదీ నాయికల పాత్రలకు ఎదిగినది. పురుష పాత్రలూ ధరించినది. మైకులు లేని రోజులవి. డేరా చివర నేలమీద కూర్చున్నవానికి కూడా పద్యం విడమరచినట్లు వినబడవలె. హార్మోనియం శ్రుతిని మించి గొంతు నిలువవలె. మరునాటి రాత్రికి మళ్లీ ఆ గొంతే కావలె. ఈ సాధన ఏ గురుకులంలోనూ దొరికేది కాదు.

1931 మార్చిలో అర్దేషిర్ ఇరానీ ‘ఆలం ఆరా’తో భారతీయ చిత్రాలకు మాట వచ్చినది. ఆ యేడే ఇరానీ సంస్థలో హెచ్.ఎం. రెడ్డిగారు టి.పి. రాజలక్ష్మి నాయికగా ‘కాళిదాస్’ తీసినారు. అందులో తమిళంతో పాటు తెలుగూ వినిపించినది. ఆపైన పూర్తిగా తెలుగులోనే ఒక టాకీ తీయవలెనన్న సంకల్పం కలిగినది. కథ వెదకుకొనే పని లేకపోయినది. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి ప్రహ్లాద నాటకం సురభివారికి కంఠోపాఠం. సంభాషణ వచ్చినవారు, పాట వచ్చినవారు, ఒకరి అడుగు ఒకరికి తెలిసినవారు సిద్ధంగా ఉండగా నిర్మాతకు అంతకంటె ఏమి కావలె? మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసినారు. తరువాతి కాలంలో మహాదర్శకుడైన ఎల్.వి. ప్రసాద్ కూడా అందులో ఒక చిన్న వేషం వేసినారు. బొంబాయిలో మూడు వారాల లోపుననే చిత్రీకరణ ముగిసినది.

ఇప్పటివారికి ఆ మూడు వారాల శ్రమ ఊహకు అందడం కష్టం. వెనుక నుండి మరొకరు పాడే పద్ధతి అప్పటికింకా రాలేదు. నటించే నోరే పాడవలె, పాడుతుండగానే బొమ్మా ధ్వనీ ఒకేసారి పట్టవలె. వాద్యగాండ్రు కెమెరా కంట పడకుండా ఒదిగి కూర్చుండి వాయించవలె. ఎవరి వల్ల ఏ తప్పు దొర్లినా మొదటి నుండీ మళ్లీ చేయవలసినదే. డేరా చివరిదాకా విసరడానికి అలవాటుపడిన గొంతును అడుగుల దూరంలో ఉన్న యంత్రానికి తగ్గించి ఇవ్వడం మరొక విద్య. కన్నకొడుకుకు తన చేతనే విషమిమ్మని భర్త ఆజ్ఞాపించగా తల్లడిల్లే తల్లి లీలావతి. రంగస్థలం మీద ఆ దుఃఖాన్ని రాగంలో పొడిగించవచ్చు, ‘వన్స్‌మోర్’ వస్తే మళ్లీ పాడవచ్చు. యంత్రం ‘వన్స్‌మోర్’ అనదు, కంట తడీ పెట్టదు.

ఆ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చిరకాలం అందరూ నమ్మినారు. ఉత్సవాలూ ఆ తేదీకే జరిగినవి. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు పత్రాలూ గాలించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలిసారి ప్రదర్శితమైనదని నిరూపించినారు. తేదీ అయితే దొరికినది; చిత్రమే లేదు. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. తెలుగు తెర మీద మొదట పలికిన నాయిక కంఠం ఎట్లుండేదో వినే భాగ్యం నేటివారికి లేదు.

ఆ వెనువెంటనే సాగర్ సంస్థ తీసిన ‘పాదుకా పట్టాభిషేకం’లో ఆమె సీత, ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణగారి దుష్యంతుని సరసన శకుంతల. అనగా తెలుగు టాకీ తొలి మూడు చిత్రాలలోనూ నాయిక ఆమే. ఈ విషయాన్ని ‘తొలి నాయిక’ అన్న మాట మింగివేసినది. తరువాత ఆమె బొంబాయిలోనే నిలిచి పలు హిందీ చిత్రాలలోనూ నటించినారు. ఇంటిలో మరాఠీ, రంగం మీద తెలుగు, స్టూడియోలో హిందీ!

ఆమె అక్కడ ఉండగానే ఇక్కడ కాలం మారినది. చిత్ర నిర్మాణం మద్రాసుకు తరలినది. కన్నాంబ వచ్చినారు, కాంచనమాల వచ్చినారు. సి.ఎస్.ఆర్. తుకారాంగా నటించిన చిత్రంలో కమలాబాయి తుకారాం భార్య. నాయిక పాత్రలు ఎడమైన కొలదీ ఆమె తల్లుల పాత్రలకు మళ్లినారు. ఈ మార్పును ఆమె పరాభవంగా భావించినట్లు ఆమె నటనలో ఎక్కడా కనబడదు. ఇరవై యేళ్లు రాకముందే ముసలివేషాలు, వేషాలు లేని రోజున తెర లాగడాలు మరిగిన సురభి బిడ్డకు పాత్రలలో పెద్దా చిన్నా ఏమిటి?

1951లో విజయావారి ‘పాతాళభైరవి’ వచ్చినది. తోటరాముడి తల్లి ఆమే. రాజుగారి కూతురిపై మనసుపడిన కొడుకును మందలిస్తూ, అంతలోనే లాలిస్తూ, భయపడుతూ తిరిగే ఆ పేదరాలి మాట తీరు చూడవలసినది. ఎక్కడా రంగస్థలపు దీర్ఘం లేదు. ఆ చిత్రాన్ని తరతరాలు చూచినారు, నేటికీ చూస్తున్నారు. రామారావును, రంగారావును పొగిడినవారిలో ఎందరు ఆ తల్లే మొట్టమొదటి తెలుగు టాకీ లీలావతి అని గుర్తించినారో!

1971లో ఆమె కన్నుమూసినారు. స్త్రీ పాత్రలకు పెట్టినది పేరైన స్థానంవారూ ఆ యేడే పోయినారు. సురభివారు మాత్రం డేరా విప్పలేదు. 2013లో ఆ కుటుంబానికి చెందిన ఆర్. నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ లభించినది. ‘భక్త ప్రహ్లాద’ ఇప్పటికీ వారాడే నాటకాలలో ఒకటి. లీలావతి వేషం ఇంటి ఆడపడుచులలో ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు.