పూటకూళ్ళ యిల్లు మొదలు ఇరానీ హోటలు వరకు

నల్లమల అడవిలో ఎత్తైన పీఠభూమిమీద వెలసిన అమ్రాబాదునుండి హైదరాబాదు నగరానికి సుమారు 140 కిలోమీటర్ల దారి. అది మన్ననూరువద్ద శ్రీశైలం రహదారిని కలుస్తుంది. శ్రీశైలానికి ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరం కూడ ఆ చేరువలోనిదే. కనుక ఈ సీమకు బాటసారులు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణాన్నే శ్రీపర్వతానికి కేటాయించినాడు. బాటసారి ఉన్నచోట ఆకలి ఉంటుంది. ఆ ఆకలి తీరడానికి మన దేశంలో పూర్వం రెండు తావులుండేవి. ఒకటి సత్రం, రెండవది పూటకూళ్ళ యిల్లు. సత్రం వెల అడుగదు గాని తరచుగా కులం అడుగుతుంది. శ్రీశైలంలో నేటికీ కులాల పేర్లతో నడుస్తున్న సత్రాలు అనేకం ఉన్నవి. పూటకూళ్ళ యిల్లు వెల అడుగుతుంది. వెలతో తృప్తిపడి కులాన్ని విడిచిపెట్టినదా అన్నదే విచారింపదగిన విషయం.

క్రీడాభిరామం చదివినవారికి ఓరుగంటి పూటకూళ్ళ యిల్లు పరిచితమే. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథుని రచనయేనని కొందరు పండితులు వాదించిన ఆ కావ్యంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల రాజధానిని వీథివీథీ తిరిగి చూస్తారు. అక్కడి లక్ష్మణవజ్ఝల యింటి భోజనాన్ని కవి ఒక్క పద్యంలో వడ్డించినాడు. కప్పురభోగి అన్నం, గోధుమల పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంతటికీ వెల ఒక్క రూక. పాలమూరు సీమ బిడ్డడైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఇట్టి కావ్యాలే ఆధారాలు. రాజుల వంశావళికన్న ప్రజల విస్తరి విలువైనదని ఆయన తెలుగువారికి నేర్పినాడు. అయితే ఆ పద్యం వంటకాలను లెక్కపెట్టినంత శ్రద్ధగా భోక్తలను లెక్కపెట్టలేదు. రూక చేతబట్టుకొని వచ్చిన ప్రతివానికీ ఆ పంక్తిలో పీట వేసినారా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

గురజాడ కన్యాశుల్కంనాటికి పూటకూళ్ళ యిల్లు రంగస్థలానికెక్కింది. చీపురుకట్టతో మధురవాణి యింటికి వచ్చిన పూటకూళ్ళమ్మను చూచి నవ్వని ప్రేక్షకుడుండడు. ఆమె అన్నం తిని, ఆమె సొమ్మునే అపహరించినవాడు గిరీశం. నవ్వు చల్లారిన తరువాత తెలిసేది ఒకటున్నది. దిక్కులేని స్త్రీకి నాటి సంఘం మిగిల్చిన స్వతంత్రజీవనం ఆ వంటయిల్లు ఒక్కటే. ఈ సంగతి తరగతిలో పాఠం చెప్పేటప్పుడు తరచుగా జారిపోతుంది.

రైళ్ళు వచ్చిన పిమ్మట పూటకూళ్ళ యింటి స్థానాన్ని హోటలు ఆక్రమించింది. ఉడుపినుండి బయలుదేరిన వంటవారు ఇడ్లీని, మసాలాదోసెను, కాఫీని దక్షిణాది పట్టణాలన్నింటికీ మోసినారు. కాని చాలాచోట్ల బల్లలు మారినంత త్వరగా పంక్తి మారలేదు. కొన్నిచోట్ల బ్రాహ్మణులకు వేరుగా గది ఉండేది. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక హోటలు బోర్డుమీది ‘బ్రాహ్మణ’ శబ్దాన్ని తీసివేయవలెనని 1957లో పెరియార్ అనుచరులు ఆందోళన సాగించవలసివచ్చింది. అప్పటికి రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడేండ్లయినది. అందులోని 15వ అధికరణం దుకాణాలతోపాటు భోజనశాలలను, హోటళ్ళను పేరెత్తి మరీ ప్రస్తావించి, కులమత భేదంచేత ఎవరికీ అక్కడ ప్రవేశం నిరాకరింపరాదని శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దానికి తోడయినది. అయినా పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు కొనసాగింది. ఈ జాడ్యం మనకే ప్రత్యేకమని అనుకోనక్కరలేదు. అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణపు ఫలహారపు బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగినారు. ఆ కాఫీకోసం వారికి, వారి మిత్రులకు జూలైదాకా పోరాటం తప్పలేదు.

ఈ దృష్టితో చూచినప్పుడు హైదరాబాదు ఇరానీ హోటలు చేసిన మేలు తెలుస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి ఇరాను దేశీయులు బొంబాయికి, అక్కడినుండి పూనా, హైదరాబాదులకు వచ్చి వీథిమూలలలో చాయ్ దుకాణాలు పెట్టినారు. మూలస్థలం వాస్తుకు పనికిరాదని ఇతర వర్తకులు వదలివేయగా వీరు చవకగా తీసుకొన్నారని చెప్పుకొంటారు. వాస్తు దోషం సంగతి ఏమోగాని, రెండు వీథులవైపు తెరచిన వాకిళ్ళు వ్యాపారానికి అనుకూలించినవి. ఇరానీవాడు మన వర్ణవ్యవస్థకు వెలుపలివాడు. వచ్చినవాని పుట్టుక విచారించే అలవాటు అతనికి లేదు. పాలరాతిబల్ల, వంపు కర్రకుర్చీ, గోడకు నిలువుటద్దం, గల్లాపెట్టెవద్ద యజమాని. మూతపెట్టిన పాత్రలో సన్ననిసెగమీద తేయాకు డికాక్షను మరుగుతుంటుంది, పాలు వేరుగా చిక్కబడుతుంటవి, కప్పులోనే రెండింటి సంగమం. పాలపాలు హెచ్చితే దానిని ‘పౌనా’ అంటారు. పక్కన చివరి నిజాముపేర వెలసిన ఉస్మానియా బిస్కట్టు. ఒక కప్పును ఇద్దరు పంచుకొని గంటసేపు కూర్చున్నా లేవమనేవారుండరు. రిక్షాకార్మికుడు, గుమాస్తా, విద్యార్థి, కవి ఒకే బల్లకు చేరినారు. ఆబిడ్సులోని ఓరియంట్ హోటలు మఖ్దూం మొహియుద్దీన్‌వంటివారికి సాహిత్యసభ. ఆ హోటలు నేడు లేదు. రహదారుల విస్తరణకూ, పెరిగిన అద్దెలకూ మరెన్నో ఇరానీ హోటళ్ళు మూతపడినవి.

నగరంలో భోజనానికి నేడు కొరత లేదు. బిర్యానీ కీర్తి దేశాంతరాలకు పాకింది. రంజాన్ మాసపు హలీముకు 2010లో భౌగోళిక సూచిక దక్కింది. వీటిని గురించి రాసేవారు చాలమంది ఉన్నారు. అంతగా పట్టించుకోవలసినది ‘మండీ’. నిజాము సైన్యంలోని అరబ్బు సైనికుల బారకాసులే నేటి బార్కస్ పేట. ఆ యెమెను సంతతివారి వంటకం ఇప్పుడు నగరమంతటా వ్యాపించింది. పెద్ద పళ్ళెంలో అన్నం, దానిమీద మాంసం. చుట్టూ నలుగురు కూర్చుండి ఒకే పళ్ళెంలో చేతులు పెడతారు. ఎంగిలికీ మడికీ ఇంతటి విలువనిచ్చిన దేశంలో యువకులు కులం పేరెత్తకుండా ఒక పళ్ళెం చుట్టూ చేరడం చిన్న విషయం కాదు.

కులం వెనుకకు తగ్గినచోట వెల ముందుకు వచ్చింది. అద్దాల హోటలులో ఒకరి భోజనం ఖరీదు అడ్డాకూలీ దినవేతనాన్ని మించుతుంది. పాలమూరు కూలీలు కట్టిన మేడలలోనే అట్టి హోటళ్ళు వెలసినవి. 2014లో నగరపాలక సంస్థ 5 రూపాయలకు భోజనం పెట్టే శాలలు తెరచినప్పుడు ఆ వరుసలో నిలిచినవారిలో కూలీలు, నిరుద్యోగులు, పరీక్షలకు చదివే విద్యార్థులు ఉన్నారు. ఓరుగంటి రూకకు ఇది దూరపు చుట్టం.

ఇక అమ్రాబాదు సొంత వంట మాట. మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1940లో ఈ పీఠభూమిమీద చెంచుల నడుమ నివసించి, 1943లో గ్రంథం ప్రకటించినాడు. త్రవ్వుకోలతో తీసే దుంపలు, అడవిపండ్లు, ఇప్పపూవు, తేనె ఆనాటి చెంచు ఆహారం. వీటిలో తేనె ఒక్కటే సీసాలకెక్కి నగరం చేరింది. పులుల అభయారణ్యం కావడంవల్ల మన్ననూరు దాటిన దారిలో రాత్రి 9 మొదలు ఉదయం 6 వరకు బండ్లను సాగనివ్వరు. ఆలస్యమైన యాత్రికుడు ఆ పూట మన్ననూరులో బిర్యానీయో, ఫ్రైడ్ రైసో తిని పడుకొంటాడు. దుంపలకు, ఇప్పపూవుకు అట్టి హోటలు పట్టికలో చోటు దొరకదు.

మెట్టసీమ జొన్నరొట్టె కథ వేరు. బియ్యం కొనలేనివాడి తిండి అని ఒకనాడు చులకనైన ఆ రొట్టెను సాయంవేళ హైదరాబాదు కాలిబాటలమీద స్త్రీలు అరచేతులతో తట్టి, పెనంమీద కాల్చి అమ్ముతున్నారు. మధుమేహానికి మంచిదని విని కార్లలో వచ్చినవారు దానికోసం వరుసలో నిలబడతారు. అక్కడ బల్ల లేదు, పీట లేదు. కొనేవారందరూ నిలబడే ఉంటారు, రొట్టె తట్టే మనిషి మాత్రం కూర్చుండి ఉంటుంది.