తపసి జిగురు: గంటు లోతును బట్టే ధర

రాజమహేంద్రవరం: చాలా సరుకులకు నాణ్యం కొట్టులో తేలుతుంది. తపసి జిగురుకు చెట్టు మీదే తేలిపోతుంది. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో గిరిజనులు ఈ చెట్టు మానుకు గంటు పెట్టి, కారి గట్టిపడిన జిగురును కొన్ని రోజులకు ఒలిచి తెస్తారు. వేసవి సరుకు శ్రేష్ఠం. వానలు పడ్డాక వచ్చేది చెమ్మగిల్లి రంగు మారుతుంది, చిక్కదనమూ తక్కువే.

రంగును, కలిసిన బెరడు తుక్కును బట్టి రకాలు కడతారు. తుక్కు లేని తెల్లని గడ్డలు మొదటి రకం. విదేశాల్లో కట్టుడు పళ్లను పట్టి ఉంచే పొడిలోనూ, విరేచన మందుల్లోనూ వాడతారు. ఆహార పదార్థాల్లో దీని గుర్తు ఇ-416. నిల్వ పడితే పుల్లని వాసన వేసి చిక్కదనం పోతుంది; పొడి చేసిన సరుకైతే మరీ త్వరగా. తెల్లగా ఉందని మురిసి కొనేవారు కాస్త ముక్కును కూడా నమ్ముకోవాలి.

అసలు చిక్కు గొడ్డలి దగ్గర ఉంది. లోతుగా నరికితే అప్పటికి జిగురు ఎక్కువ కారుతుంది. తుక్కు కలుస్తుంది, గంటు మానదు, చివరకు చెట్టు చస్తుంది. చిన్న పనిముట్టుతో బెరడు పైపైన చెక్కి, చెట్టుకు విరామమిచ్చి తీస్తే సరుకు శుభ్రంగా వస్తుంది గాని, ఆనాటి తూకం తగ్గుతుంది. కొండ మీది మనిషికి ఆ తూకమే ఆ వారం ఉప్పు, బియ్యం. మొదటి రకానికీ మూడో రకానికీ ఉన్న తేడా అతని చేతికి అందకపోతే, గొడ్డలి వదలమని చెప్పడం దండగ.

ఒకప్పుడు సంతల్లో షావుకార్లు ముందే అప్పులిచ్చి, తాము చెప్పిన ధరకే సరుకు జమకట్టుకునేవారు. అది తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1979 రెగ్యులేషన్ ఏజెన్సీలో ఈ కొనుగోళ్లను సంస్థకు గుత్తగా ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా ఫలసాయంపై యాజమాన్యాన్ని అడవిలో ఉండేవారికే ఇచ్చింది. పైపై గంటు పద్ధతిలో సంస్థ శిక్షణ కూడా ఇప్పించింది.

విదేశాల్లో మనకు సెనెగల్ జిగురు పోటీ ఉంది. అక్కడ ధర జారితే ఇక్కడ ముందుగా కోతపడేది కొండ మీది కూలికే. అప్పుడు గంటు మళ్లీ లోతవుతుంది. గోదాములో కూలీలను పెట్టి బెరడు ఏరించే ఖర్చు ఎంతో ఎగుమతిదారులకు చెప్పనక్కరలేదు. శుభ్రమైన సరుకుకు టెండరులో ఆ మేరకు ధర పెంచి వేస్తే, అది చెట్టు దగ్గరకు చేరేలా చూడవలసింది సంస్థే.