కండెన్స్‌డ్ మిల్క్: పాలుగా కాదు, చక్కెరగా లెక్కించాలి

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో ఇప్పపువ్వు, రాగి, జొన్న మిఠాయిల తయారీ నేర్పే విస్తరణ శాస్త్రవేత్తలు కండెన్స్‌డ్ మిల్క్ స్వభావాన్ని ముందుగా గ్రహించాలి. పాలలోని నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, చక్కెర కలిపి దీనిని తయారుచేస్తారు. మిగిలిన నీటిని చక్కెర పట్టి ఉంచడం వలన సూక్ష్మజీవులు వృద్ధి చెందవు. మూత తీయని డబ్బా నెలల తరబడి నిలువ ఉంటుంది.

100 గ్రాములలో సుమారు 8 గ్రా. మాంసకృత్తులు, 8-9 గ్రా. కొవ్వు, 55 గ్రా. చక్కెరలు ఉంటాయి. వీటిలో దాదాపు 45 గ్రా. అదనంగా కలిపిన చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలో కేలరీల ఆహారంలో ఇటువంటి చక్కెర 50 గ్రాములకు లోపే ఉండాలి. కావున 100 గ్రా. కండెన్స్‌డ్ మిల్క్ వాడినచో వంటకంలో అంతమేరకు చక్కెర లేదా బెల్లం తగ్గించాలి. ఇప్పపువ్వు సహజంగానే తీపి కనుక ఇంకా తగ్గించవచ్చు.

దీనిని నీళ్ళతో కలిపి శిశువులకు పట్టరాదు. తీపి తగ్గేంతగా పలుచన చేస్తే మాంసకృత్తులు, కొవ్వు చాలవు. ఈ అలవాటు శిశుమరణాలకు దారితీస్తున్నదని డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే సింగపూర్‌లో హెచ్చరించారు. మొదటి 6 నెలలు తల్లిపాలే శిశువుకు ఆహారమని ప్రతి శిక్షణలోనూ చెప్పవలసి ఉన్నది.